దుమ్ములో ఎర్ర వెలుగు

సదానందానిది జగిత్యాల దగ్గర పల్లె. రియాద్‌లో, మలాజ్ అనే పేట వెనక సందులో ఒక వర్క్‌షాపులో కార్ల వైరింగు పని చేస్తాడు. ఒకరోజు పొద్దున పొడవాటి లేతనీలం కారొకటి వచ్చి ఆగింది. యాభై ఏళ్ల కిందటి బండి. నడుపుతున్నది ఆస్మా అనే పెద్దావిడ. పక్కన ఆమె భర్త హబీబ్.

సౌదీలో ఆడవాళ్లు బండి నడపకూడని రోజుల్లో, ఎవరూ చూడని ఎడారిలో ఈ కారు మీదే హబీబ్ ఆమెకు డ్రైవింగు నేర్పాడట. ఇప్పుడామెకు లైసెన్సు వచ్చింది. అల్ ఖర్జ్‌లోని తమ ఖర్జూరపు తోటకు తానే నడుపుకుంటూ పోవాలని ఆశ. కానీ వెనక లైట్లు తడితే వెలుగుతున్నాయి, చెయ్యి తీస్తే ఆరిపోతున్నాయి.

సదానందం డిక్కీ తెరిచి చూశాడు. బల్బులు బాగానే ఉన్నాయి. అరిగిపోయినవి హోల్డర్లు. లోపలి స్ప్రింగుల్లో బలం లేదు. ఇత్తడి రేకులు నల్లబడ్డాయి. బల్బు ముసలి పన్నులా కదులుతోంది. అలాంటి హోల్డర్లు ఇప్పుడు బజారులో దొరకవు. అతను తుప్పును గరుకు కాగితంతో గీకాడు. పాత సామాన్లలోంచి స్ప్రింగులు ఏరి అమర్చాడు. తీగల కొసలు కొత్తగా టంకం పెట్టి, ఎర్తుకు వేరే తీగ లాగాడు. ఆస్మా బ్రేకు తొక్కగానే రెండు లైట్లూ దానిమ్మ గింజల్లా వెలిగాయి.

దారిలో మళ్లీ ఆరిపోతాయేమోనని ఆమె భయపడింది. వర్క్‌షాపు యజమానిని అడిగి సదానందాన్నీ వెంట తీసుకెళ్లింది.

సగం దారిలో గాలి లేచింది. మధ్యాహ్నమంతా కుంకుమపువ్వు రంగుకు తిరిగింది. రోడ్డేదో, ఆకాశమేదో తెలియలేదు. ఆగితే వెనకవాళ్లు వచ్చి గుద్దుతారని ఆస్మా మెల్లగా పోనిచ్చింది. హబీబ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. సదానందం వెనక సీటు మీద మోకాళ్లూని వెనక అద్దంలోంచి చూశాడు. ఎర్రటి వెలుగు దుమ్ములోకి పారుతోంది. ఆ వెలుగు అంచున రెండు దీపాలు పుట్టాయి. వాటి వెనక ఇంకో రెండు. కారు పోవడం లేదని, దుమ్మే తమను ఎత్తుకుపోతోందని అతనికి అనిపించింది. ఎంతసేపు అలా సాగారో తెలియదు.

గాలి తగ్గేసరికి తోట దగ్గరపడింది. వెనక వచ్చినవి పాల ట్యాంకర్లు. ముందు ట్యాంకరు ఆపి డ్రైవరు దిగివచ్చాడు. సదానందం మొహం చూసి హిందీలో మొదలుపెట్టి, ఊరి పేరు వినగానే తెలుగులోకి మారాడు. అతనిది నిర్మల్, పేరు బుచ్చన్న.

"నాకేం కనవడలే అన్నా. మీ ఎర్రలైట్లు పట్టుకొనే వచ్చిన."

సదానందం వెళ్లి ఆ లైట్ల మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

తోటలో అరబ్బుల కాఫీ గహ్వా తాగుతూ సదానందం ఇంటికి ఫోన్ చేశాడు. భార్య ప్రేమలత ఈమధ్యే స్కూటీ నేర్చుకుంది. అతనింకా వీడియోలోనే చూశాడు.

"ఈసారి నేను వచ్చినంక నన్ను ఎనక కూసోబెట్టుకుంటవా?"

"కూసోబెట్టుకుంట. గట్టిగ పట్టుకోవాలె మరి."

ఖర్జూరపు మట్టల మీంచి సన్నటి దుమ్ము ఇంకా రాలుతూనే ఉంది.