ఎండని బట్టి

కుట్టు తెగ్గానే పరుపు నోరు తెరుచుకుని, గుప్పున ముక్కిన వాసన వదిలింది. మబ్బన్న మూతికి కట్టుకున్న గుడ్డను పైకి లాక్కుని మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున లేస్తే ఇదే పని. పాత పరుపులు విప్పడం, ఉండకట్టిన దూదిని విడదీసి రేకుల కప్పు మీద ఎండకు వేయడం, ఏకడం, మళ్ళీ నింపడం. కనుబొమ్మల మీదా చెవుల మీదా ఎప్పుడూ దూదినూగు పేరుకుని ఉంటుంది గనుక ఆ పేరు పడింది. అసలు పేరుతో పిలిచే మనిషి పోయి అయిదేళ్ళయింది. ఎప్పటికవుతుందని పరుపులవాళ్ళు ఎన్నిసార్లడిగినా అతని జవాబొకటే: "ఎండని బట్టి."

"ఎవరిది మబ్బన్నా, మధ్యలో బావిలా గుంట పడింది?" అన్నాడు షాపాయన టీ ఊదుకుంటూ.

"నాదే."

షాపాయన గ్లాసు దించాడు. "ఊరందరి పరుపులూ ఏకావు. నీది ఏకడానికి ఇన్నేళ్ళా!"

మబ్బన్న దూది పీకుతూనే ఉన్నాడు. ఆ గుంట అతని భార్యది. ఎనిమిది నెలలు అదే చోట పడుకుని, అక్కడే పోయింది. ఆ తరవాత అతను కుడివైపు అంచునే ఒదిగి పడుకుంటూ వచ్చాడు. వేళకు మందు వేయలేదేమో, సరిగ్గా చూసుకోలేదేమో అన్న దిగులు ఏకులా వచ్చి మేకై కూర్చుంది.

గుమ్మం పక్క మిషను మీద పరుపులకు తొడిగే గలీబులు కుట్టే ఆమె తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. మొగుడు వదిలేసిన మనిషి. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, "నాతో వచ్చేస్తావా?" అని అడిగాడు మబ్బన్న. ఆమె పళ్ళతో దారం తెంపి, "వస్తాను. ముందు ఆ పరుపు విప్పు. పాత దూది ఎండకుండా కొత్తది కలిపితే ఏమవుతుందో నువ్వేగా అందరికీ చెప్తావు" అంది. ఆ వారమే ఇద్దరికి సరిపడా గలీబు మూడు పక్కలా కుట్టి అలమరలో పెట్టింది. వానలన్నాడు, చలన్నాడు, పని ఒత్తిడన్నాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

గుంట అడుగున దూది చెక్కలా బిగిసి ఉంది. దాన్ని పీకుతుంటే కుట్టు సందులోంచి మాత్రలు జలజలా రాలాయి. పసుపువి, తెల్లవి. అతను తన చేత్తో భార్య అరచేతిలో పెట్టినవే, ఆమె మింగకుండా దాచినవి. వాటిని కాసేపు చూసి, దూదిలో మొహం దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. షాపాయన టీ గ్లాసుతో బయటికి నడిచాడు.

కుట్టుపని ఆమె వచ్చి పక్కన కూచుంది. మాత్రలు ఒక్కొక్కటే ఏరి కాగితంలో పొట్లం కట్టింది.

"నీ తప్పేం లేదు. అలిసిపోయింది ఆవిడ. నీతో చెప్పలేకపోయింది."

ఆ రోజల్లా దూది ఎండింది. సాయంత్రం దాన్ని ఏకి కుప్ప పోస్తే కాళ్ళ దగ్గర తెల్లగా, వెచ్చగా పొంగింది. అయిదేళ్ళలో మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు మబ్బన్న.

"ఆ గలీబు తే" అన్నాడు.

తెచ్చి బల్ల మీద పరిచింది. అప్పుడు చూశాడు, ఆమె మిషను మీద గుడ్డ కప్పి ఉంది. పక్కన సంచీ.

"రేపట్నుంచి రాను. మా అక్క దగ్గరికి పోతున్నా."

"ఇవ్వాళేగా విప్పాను!"

"చూశాను. కడుపు నిండింది." ఆమె గలీబు మడతలు అరచేత్తో సాపు చేసింది. అవి పోలేదు. "రెండేళ్ళు నవ్వుతూ కూచున్నా. నేనూ అలిసిపోయాను, చెప్పలేదు. నా లోపలా ఉండకట్టింది. ఇట్లానే వస్తే అదంతా నీ నెత్తినే పోస్తా. నన్నూ కొన్నాళ్ళు ఎండనీ."

"ఎన్నాళ్ళు?"

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"ఎండని బట్టి" అంది.

సంచీ చంకన పెట్టుకుని మెట్లు దిగింది. వీధి మలుపు దాకా వెనక్కి తిరగలేదు. అతను ఆపలేదు. ఎండకముందు దూదిని కిందికి దించకూడదని అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

బల్ల మీద గలీబు మూడు పక్కలా కుట్టి, నాలుగో పక్క నోరు తెరుచుకుని ఉంది. దాని అంచున, దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది.