టెంకల చీర

అంట్లు తోమాక తొట్టిలో మిగిలిన నీళ్లతోనే జయంతి మామిడి టెంకలు కడుక్కునేది. వాటి కోసమని మోటారు వేస్తే అత్త శకుంతలమ్మ ఊరుకునేది కాదు. "చెత్త కడిగే కోడలు నాకే దొరికింది సూడు" అని వీధిలో పోయేవాళ్లందరికీ చెప్పుకునేది. పెళ్లికి ముందు జయంతి చిత్తూరులో డ్రాయింగ్ టీచరని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. బంగారుపాళ్యం వచ్చిన ఈ పన్నెండేళ్లలో ఆమెను గీయనిచ్చింది వాకిట్లో ముగ్గులు, అవీ అత్త చెప్పిన చుక్కలకే.

టెంకలు భర్త గిరిప్రసాద్ సూపర్‌వైజరుగా ఉన్న గుజ్జు ఫ్యాక్టరీలో పారబోసేవి. పీచు గీకి, ఎండబెట్టి, చిల్లు పొడిచి, ఇనుప తీగతో ఒకదానికొకటి ముడివేసి రెండేళ్లలో ఆరు గజాల చీర అల్లింది. కుచ్చిళ్లూ కొంగూ అంచూ అన్నీ టెంకలే. వేళ్ల మీద తీగ గీసుకోని రోజు లేదు. "కట్టుకోను పనికొస్తాదా, పరుసుకోను పనికొస్తాదా?" అని అత్త మూతి తిప్పింది. ఫొటోలు చూసిన చెన్నై గ్యాలరీవాళ్లు మాత్రం ఒక గోడంతా ఆమెకే ఇస్తామన్నారు. ఆ రోజు సంతోషంలో పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయి తిట్లు తింది. గిరిప్రసాద్‌ది వేరే బాధ. "టెంకలు మా ఫ్యాక్టరీవి గదా. ఆడ నీ పేరు పక్కన నా పేరు గూడా ఏయించు" అన్నాడు. ఒక్క టెంకనైనా చేత్తో ముట్టని మనిషి! జయంతి లేచి అంట్ల దగ్గరికి పోయింది. వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు.

శుక్రవారం చీర కోసం చెన్నై నుంచి వ్యాను వస్తుంది. బుధవారం అత్తను కంటి డాక్టరుకు చూపించి చిత్తూరు నుంచి తిరిగొచ్చేసరికి, వసారాలో చుట్టిపెట్టిన చీర లేదు. సాయంత్రం గిరిప్రసాద్ ఈల వేసుకుంటూ వచ్చాడు.

"సీజను మొదులు గదా, కొత్త టెంకలన్నీ పచ్చివి. బాయిలరు ఆరిపోతాందని ఓనరు ఒగటే అరుపులు. మన టెంకలు యాదికొచ్చి ఎత్తుకపోయినా. బాగా ఎండినాయి గదా, భగ్గుమన్నాయి! ఓనరు నా భుజం తట్టినాడు తెల్సునా?"

జయంతి వసారాలో చీర ఉండిన ఖాళీ చోటు వైపు చూసింది.

"ఏందే అట్ల సూస్తావు? టెంకలే గదా! ట్రాక్టరు లోడు తోలిస్తాలే, మళ్లీ ముడేసుకో. ఇంట్లో ఊరికినే గదా ఉండేది. కాఫీ పెట్టు."

పెట్టింది. అప్పుడు కూడా పంచదార సరిగ్గా ఒకటిన్నర చెంచాలే వేసింది. ఏడుపు కన్నా ఆ సంగతే ఎక్కువ మండించింది ఆమెను. పొద్దున లేచింది మొదలు తన రెండు చేతులూ ఈ ఇంటికి ఏది ఎంత కావాలో లెక్క తప్పకుండా అందిస్తూనే ఉన్నాయి. వాటికి వీళ్లు పెట్టిన పేరు 'ఊరికినే'.

మర్నాడు ఫ్యాక్టరీకి పోయింది. బాయిలరు దగ్గర బూడిద లాగే కోమలి ఎదురొచ్చింది.

"అక్కా, బూడిద లాగుతాంటే ఈ తీగ కడ్డీకి తగులుకున్యాది. ఎవురో కష్టపడి అల్లినట్టుండాదే, పారెయ్యను మనసు రాలా. నీదేనా?"

నల్లగా మాడిన తీగ. అక్కడక్కడా తెగినా ముడులు నిలిచాయి. ముడికీ ముడికీ మధ్య టెంక ఉండిన చోటు ఖాళీగా ఉంది. సాగదీస్తే కుచ్చిళ్లు తెలిశాయి. జయంతి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ బూడిదలోనే కూర్చుని ఏడ్చింది. కోమలి ఒక గోతాం తెచ్చి బూడిద కూడా ఎత్తిచ్చింది.

శుక్రవారం వ్యానులో తీగతో పాటు జయంతీ ఎక్కింది. "మరి రాత్రికి వంట?" అన్నాడు గిరిప్రసాద్. ఆమె తలుపు వేసుకుంది.

చెన్నైలో తీగ చీరను గోడకు వేలాడదీసి, కింద బూడిద పోశారు. పక్కన అంటించే చీటీ రాస్తున్న అమ్మాయి, "పేరు మీ ఒక్కరిదేనా మేడమ్?" అని అడిగింది.

"కాదమ్మా. మా ఆయనకు తన పేరు కూడా ఉండాలని ఆశ. నేను చెప్పినట్టే రాయి" అని ఒక్కో మాటా నిదానంగా చెప్పింది జయంతి.

టెంకలు, తీగ, ముడులు, రెండేళ్లు: జయంతి.

నిప్పు: గిరిప్రసాద్.