మిల్లులోనే జరిగింది

నా మొగుడు కదిరవన్ కుడిచెయ్యి మణికట్టు దాకా నలిగిపోయింది. పాపిరెడ్డిపట్టి దగ్గర సగ్గుబియ్యం మిల్లులో కర్రపెండలం అరగదీసే మిషన్ లాగేసుకుంది. దాని మీది మూత తీసేయించింది మా మొదలాళి, అదే మిల్లు ఓనరు, లోకనాథనే. మూత ఉంటే పని సాగదట! నేనూ ఆ మిల్లులోనే దుంపల తొక్క తీస్తాను. కేక విని పరిగెత్తాను.

లోకనాథన్ తన కారులోనే ధర్మపురి పెద్దాసుపత్రికి తెచ్చాడు. ఆ మేలు కాదనను. దారంతా మాత్రం ఒకటే పాట.

"శివగామీ, మిల్లుకు ఇన్సూరెన్సు కట్టలేదమ్మా. పనిలో దెబ్బ తగిలిందని రాసినారంటే పోలీసోళ్ళు వస్తారు, మిల్లు మూసేస్తారు. ఇంటికాడ గడ్డి కోసే మిషన్లో పడిందని చెప్పు. నేను చూసుకుంటాను కదా."

ఆయన చూసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. బాయిలర్ దగ్గర కాలు కాలిన సెంగోడన్‌నూ ఇలాగే చూసుకున్నాడు. కొన్నాళ్ళు గేటు దగ్గర కూర్చోబెట్టి, తర్వాత రావద్దన్నాడు. మిల్లు మూస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అదీ తెలుసు.

ఎక్కడ జరిగిందని డాక్టరమ్మ అరవంలో అడిగింది.

ఆమెకు తెలుగు రాదన్న ధైర్యంతో లోకనాథన్ నా పక్కకు జరిగాడు. "ఇంటికాడని చెప్పమ్మా. మనం మనం ఒకే భాషోళ్ళం. మన మాట బయటికి పోకూడదు."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ మా వీధిలో కాలు పెట్టని మనిషి, మాకు టీ వేరే గ్లాసులో పోయించే మనిషి, ఇవాళ మనం మనం అంటున్నాడు.

మంచం మీద కదిరవన్ కళ్ళు తెరిచాడు. "మొదలాళి చెప్పినట్టే చెప్పవే," అన్నాడు.

అయినా డాక్టరమ్మ వైపు తిరిగి, వార్డంతా వినేట్టు అరవంలోనే చెప్పాను. మిల్లులోనే జరిగిందన్నాను. మూత తీసేయించారన్నాను. ఇన్సూరెన్సు లేదు కాబట్టి ఇంట్లో జరిగిందని చెప్పమంటున్నారన్నాను. మిల్లు ఎవరిదని ఆమె అడిగేసరికి లోకనాథన్ గుమ్మం దాకా పోయాడు. వేలు పెట్టి చూపించాను.

ఆపరేషన్ చేసి చెయ్యి తీసేశారు. మత్తు దిగాక కదిరవన్ కట్టు వైపు చూడలేదు. నన్నే చూశాడు.

"మొదలాళి పోయినాడా?"

"పోయినాడు."

"కోపంగా పోయినాడా?"

చెయ్యి పోయిన మనిషి అడగాల్సిన మాటా ఇది? అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అతని ఎడమచెయ్యి పట్టుకున్నాను.

"ఆయప్ప కోపం మనకెందుకయ్యా? కోపం రావాల్సింది మనకి."