పై అంకె

నాచారం పప్పుమిల్లు గేటు దగ్గర బిక్షపతి బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, కందులు అరచేతిలోకి రాల్చుకున్నాడు. పదహారేళ్లుగా అదే పని. బరువు కాంటా చెబుతుంది, సరుకు చెయ్యి చెబుతుంది. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం గట్టి ముద్దలా ఉబ్బి, వంగినప్పుడల్లా ఊపిరికి అడ్డం పడుతోంది. చిగుళ్ల నుంచి కారే నెత్తురు మింగుతున్నాడు.

రక్త క్యాన్సరని తేలి నాలుగేళ్లు. లక్షా ఎనభై వేలున్న తెల్లకణాలు మాత్రలతో తొమ్మిది వేలకు దిగాయి. రక్తపరీక్ష చీటీలో పై అంకె చూసుకుని "తగ్గింది" అని ఇంట్లో చెప్పాడు. భార్య దుర్గమ్మ బోనమెత్తి మొక్కు తీర్చింది. ఎముక మూలుగ పరీక్షకు పెద్దాసుపత్రి వాళ్లు మూడుసార్లు పిలిచారు. కౌంటు దిగాక సూది ఎందుకని పోలేదు.

మధ్యాహ్నం ఉప్పల్‌లో డాక్టరు జనార్ధనరావు కొత్త చీటీ మీద వేలు కిందికి జరిపాడు.

"మొత్తం పదకొండు వేలే. కానీ అందులో నూటికి నలభై ముదరని కణాలు. దేనికీ పనికిరావు. జబ్బు ఆఖరి దశలో పడింది బిక్షపతీ."

"ఎన్ని నెలలు సారూ?"

"నెలలు అనలేను."

మిల్లుకు తిరిగొచ్చేసరికి గేటు ముందు కందులు తెచ్చే వ్యాపారి, వరసకు బామ్మర్ది చంద్రయ్య లారీ. బిక్షపతి గొట్టం గుచ్చాడు. రాళ్లు.

"తూకం సక్కగనే ఉన్నది గదనే, దించుకో బావా" అన్నాడు చంద్రయ్య.

"తూకం సంగతి నాకు సెప్పకు. లారీ తిప్పు." ఆ గొంతుకు హమాలీలు బస్తాలు వదిలి చూశారు.

సాయంత్రం దుర్గమ్మ గుమ్మంలోనే అడిగింది. "కౌంటెంత?"

పదకొండు వేలంటే చాలు, ఆమె నవ్వుతుంది. అతను మొత్తం చెప్పాడు.

ఆమె అతని చేతిలో చీటీ లాక్కుంది.

"నాలుగేండ్లు నాకు పై అంకె సెప్పి బోనమెత్తిచ్చినవ్. ఊరోళ్ల కందులల్ల ఒక్క రాయి ఇడ్సవు. నీ నెత్తురు సూసుకోనీకి తీరలేదా?"

"తిట్టు."

"తిడ్త. దవాఖానల మంచమెక్కినంక గూడ తిడ్త."

మర్నాడు ఆమే పెద్దాసుపత్రికి పోయి, గొడవ పడి, సోమవారానికి మంచం సంపాదించింది. శనివారం జ్వరం దిగలేదు. ఆదివారం పొద్దున, ఆమె బియ్యం కడుగుతుండగా, అతను పోయాడు.

ఆసుపత్రికి అన్నం మోయడానికి కొన్న నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ గూట్లో ఉంది. మూత మీద కొట్టువాడు చెక్కిన అక్షరాలు: బి. బిక్షపతి, ఉప్పల్, 1992. కొత్త గిన్నెల మధ్య కొట్టువాడు పెట్టిన కాగితాలు ఇంకా తీయలేదు.