క్యాథరిన్ మూడో రిపోర్టు

ముత్తుకూరు సెంటర్లో, పోర్టు లారీలు మలుపు తిరిగేచోట, మేడమీద ఉంది ప్రేమలీల పనిచేసే ల్యాబు. పద్దెనిమిదేళ్లుగా ఆ ఊరి రక్తమంతా ఆమె చేతుల మీదుగానే పోయింది. ఎవరికి షుగరు, ఎవరికి కామెర్లు, ఎవరి కోడలు నెల తప్పింది, అన్నీ పాస్టరుగారికంటే ముందు ఆమెకే తెలుస్తాయి. ఇంత తెలిసిన మనిషికి గర్వం ఉండదా? ఉండేది. ఆమె చెప్పింది ఎప్పుడూ తప్పలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనేవాళ్లు కారు.

తప్పింది ఒక్కసారే, అదీ సొంత మరదలి విషయంలో. తప్పింది అని నేననడం కూడా మర్యాదకే.

ప్రేమలీల తమ్ముడు జడ్సన్ పోర్టులో క్రేను నడుపుతాడు. అతని భార్య క్యాథరిన్‌ది సూళ్లూరుపేట. పెళ్లయిన రెండో ఏటినుంచే ఆ పిల్లకు నడుము నొప్పి. తెల్లారి లేచేసరికి వెన్ను కొయ్యబారిపోయేది. మంచంపట్టీ పట్టుకుని పక్కకు దొర్లి, గోడ ఆనుకుని నిలబడడానికే పావుగంట పట్టేది. చీపురు పట్టి వంగడం ఆమె వల్ల అయ్యేది కాదు. చిత్రమేమిటంటే, నాలుగడుగులు అటూ ఇటూ తిరిగాక, పది గంటలయ్యేసరికి నొప్పి సర్దుకునేది. సాయంత్రం బజారుకు శుభ్రంగా నడిచి వెళ్లేది. ఏ అత్తగారు నమ్ముతుందో మీరే చెప్పండి.

"పనుండేటప్పుడు పట్టేస్తాది, పనైపోతే వదిలేస్తాది. భలే నడుమమ్మా," అనేది అత్తగారు అబిగయీలమ్మ.

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? ప్రేమలీల కాపురం రెండు వీధుల అవతలే అయినా పుట్టింట్లో ఆమె మాటే చెల్లేది. మరదలి రక్తం తనే తీసి రెండుసార్లు సీఆర్పీ పరీక్ష చేసింది. ఒంట్లో ఎక్కడ వాపు రగులుతున్నా రక్తంలో పెరిగే పదార్థం అది. ఆరులోపు ఉంటే మామూలు. క్యాథరిన్‌కు మొదటిసారి మూడు వచ్చింది, రెండోసారి నాలుగు.

"రక్తం అబద్ధం చెప్పదు మా. దానికి ఏ జబ్బూ లేదు," అని అమ్మకు చెప్పేసింది.

కూతుర్ని మద్రాసు ఆసుపత్రిలో చూపిస్తానని క్యాథరిన్ తండ్రి కృపాదానం ఒకరోజు సూళ్లూరుపేటనుంచి వచ్చాడు. ప్రేమలీల ఆయన్ని గడప దగ్గరే ఆపింది.

"మద్రాసుకు పోయినా ఇదే చెప్తారు మావా. రక్తంలో ఏం లేదు. కూతురికి కాస్త పని నేర్పించి పంపించుంటే సరిపోయేది."

కలిపిన కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు ఆ పెద్దమనిషి. క్యాథరిన్ తలుపు పక్కన తలొంచుకుని నిలబడి ఉంది.

నెల దాటాక జడ్సన్ బతిమాలితే ప్రేమలీల మూడోసారి రక్తం తీసింది. ఈసారి ఇరవై ఎనిమిది వచ్చింది. మిషను తప్పేమోనని మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది. ఇప్పుడు ఇంటికి పోయి ఏమని చెప్పాలి? ఆ ముసలాయనతో అన్నమాట ఎలా వెనక్కి తీసుకోవాలి? తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మనిషి నాలుగో కాలు కళ్లారా చూసింది. జలుబు చేసుంటుందిలే, పన్ను నొప్పేమోలే అనుకుంది. అలా అనుకోవడం ఎంత సుఖంగా ఉంటుందో! రిపోర్టు ప్రింటు తీయకుండా ఇంటికి వెళ్లి "మామూలే" అంది.

నాలుగో పరీక్ష, క్యాథరిన్ నెలరోజులు నొప్పిమాత్రలు మింగిన తరువాత చేసింది. మాత్రలకు వాపు తగ్గి రక్తంలో ఐదే కనపడింది. చూశావా, అది జలుబే, అని తన మనసుకు తనే చెప్పుకుంది. మనసు నమ్మినట్టు నటించింది.

అలా ఆరేళ్లు గడిచాయి. పోయిన నెల క్యాథరిన్‌కు కన్ను ఎర్రబడి చూపు మసకేసింది. కంటి డాక్టరుకు అనుమానం వచ్చి, నడుము సంగతి అడిగి, నెల్లూరులో కీళ్లవాతం చూసే డాక్టర్ షారన్ దగ్గరికి పంపాడు. ఎక్స్‌రేలో కటి దగ్గరి కీళ్లు అతుక్కుపోయి ఉన్నాయి. నడుములో రెండు పూసల మధ్య ఎముక వంతెన కట్టడం మొదలైంది. వెన్ను కీళ్లను వాపుతో తినేసి చివరకు ఒకే ఎముకగా బిగించేసే జబ్బట. క్యాథరిన్‌కు ముప్పై నాలుగేళ్లు.

ఆ సాయంత్రం జడ్సన్ ఫోన్ చేశాడు. "అక్కా, ఇప్పటి రక్తంలో పెద్దగా ఏం లేదంట. అందుకని డాక్టరమ్మ పాత రిపోర్టులన్నీ తెమ్మనింది. రక్తంలో వాపు ఎప్పుడైనా కనపడుంటే జబ్బు ముదరకుండా ఆపే ఇంజెక్షన్ బాగా పనిచేస్తాదంట. ఎప్పుడూ లేకపోతే మాత్రలతోనే చూద్దామనింది. నాకు షిఫ్టుండాది, నువ్వు తోడుపోయి రా."

ప్రేమలీల ల్యాబులో కూర్చుని మూడు కాగితాలు ప్రింటు తీసింది. మూడు, నాలుగు, ఐదు. తన మాటలాగే ముచ్చటగా ఉన్నాయి. ఇంకొకటి కంప్యూటరు తెర మీద ఉంది. తీయకపోతే అడిగేవాడు లేడు, తన పేరు నిలబడుతుంది. క్యాథరిన్‌కు మాత్రం ఇంజెక్షన్ రాదు, మిగిలిన పూసలు కూడా అతుక్కుపోతాయి. ఆరేళ్ల కిందటిదంటే ఏమవుతుందో తెలియక చేసింది. ఇప్పుడు తెలిసి చేయాలి. ఛీ, ఏం మనిషిని నేను, అనుకుంది. నాలుగో కాగితం కూడా తీసి సంచిలో అడుగున పెట్టుకుంది. బస్సులో పక్కపక్కనే కూర్చుని నెల్లూరుదాకా వెళ్లినా, మరదలికి ఆ మాట చెప్పలేదు.

డాక్టర్ షారన్ నాలుగు కాగితాలూ వరసగా పరిచింది. ఆమె వేలు ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది.

"దీనికి అప్పుడేం మందు వాడారు?"

"ఏం వాడలేదు," అంది ప్రేమలీల.

"ఎందుకని?"

"నేను చెప్పలేదు డాక్టరుగారూ. వీళ్లకు మామూలే అని చెప్పినా."

డాక్టరు ఆ కాగితాన్ని విడిగా పక్కకు జరిపింది. "ఈ జబ్బున్నా చాలామందికి రక్తంలో ఏమీ తెలియదమ్మా, ఆడవాళ్లలో మరీను. మూడూ నాలుగూ చూసి లేదనుకున్నారంటే తెలియక అనుకున్నారు. ఇది అలాంటిది కాదు. అప్పుడే మొదలుపెట్టుంటే ఇంతగా అతుక్కునేది కాదేమో. అతుక్కున్నది మళ్లీ విడిపోదు. ఇకమీదటిదన్నా ఆపడానికి చూద్దాం." ఇంజెక్షన్ రాసి ఇచ్చింది.

బయట బెంచీ మీద క్యాథరిన్ మందుచీటీ చదువుకుంది. తిడుతుందని ప్రేమలీల కాచుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది.

"అది ఏ నెల వదినా?"

"ఆగస్టు."

"ఆ ఆగస్టులోనే నేను ఇరవై ఒక్క రోజు ఉపవాసం ఉండింది."

"నడుము తగ్గాలనా?"

"కాదు. నా సోమరితనం పోవాలని." క్యాథరిన్ చేతిలో చీటీని మడతపెట్టింది. "రక్తంలో ఏం లేదన్నావు గదా, ఇంక లోపం నా బుద్ధిలోనే ఉండాదనుకున్నా. మా నాయన గూడా అట్నే అనుకున్నాడు. శనివారం చర్చిలో స్త్రీల సమాజంలో లేచి నిలబడి, నేను సోమరిని, నాకోసరం ప్రార్థన చేయండని అడిగినా. నువ్వు నా పక్కనే ఉండావు. నువ్వు గూడా ఆమేన్ అన్నావు."

ప్రేమలీలకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ శనివారానికి ఇరవై ఎనిమిది తన బుర్రలో ఉంది. ఆ పిల్ల ఏడుస్తూ నిలబడితే ఇకనన్నా పని చేసుకుంటుందిలే అని కూడా అనుకుంది. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

"నన్ను క్షమించు క్యాథరినూ."

"ఆ మాట తర్వాత చూద్దాం వదినా. నేను అందరి ముందరా చెప్పుకున్నా. నువ్వు గూడా అందరి ముందరే చెప్పు."

వచ్చిన శనివారం చర్చిలో స్త్రీల సమాజానికి చాపలు పరుచుకుని నలభైమంది కూర్చున్నారు. అబిగయీలమ్మ ముందు వరసలో ఉంది. నేలమీద కూర్చోలేని క్యాథరిన్ గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఎవరి సంగతి వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళకు ప్రేమలీల లేచింది. వారమంతా మాటలు కూర్చుకుంది పాపం.

"అక్కలారా, ఆరేళ్ల కిందట మా మరదలి రక్తపరీక్షలో ల్యాబు వైపునుంచి చిన్న పొరపాటు జరిగింది."

"పొరపాటు కాదు గదా వదినా," అంది క్యాథరిన్ కుర్చీలోనుంచి, మెల్లగా.

తలలన్నీ వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు తిరిగాయి. అబిగయీలమ్మ కూతురి ముఖంలోకి చూసింది.

"కాదు," అంది ప్రేమలీల. "జబ్బుందని రక్తం చెప్పింది. నేను చూసినా. నా మాట పోతాదని దాచిపెట్టినా. వాళ్ల నాయన్ని గడపలోనుంచి వెనక్కి పంపించినా. ఈ పిల్ల సోమరి కాదు, ఎప్పుడూ కాదు. తను సోమరినని ఇక్కడే నిలబడి ఏడస్తా ఉంటే, అంతా తెలిసి ఆమేన్ అనింది నేను."

ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. క్యాథరిన్ కూడా అనలేదు. ప్రేమలీల అలాగే నిలబడి ఉంది.