ఉప్పునీళ్ల చేప

తెలకపల్లి దగ్గర సరోజ వాళ్ల ఊళ్లో బోరు నీళ్ల పేరెత్తితే ఆడవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఆ నీళ్లతో పప్పు ఉడికి చావదు, సబ్బు నురగ కట్టదు, బిందె అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అలాంటి ఊరికి సరోజ మొగుడు ఇమ్మానుయేల్ డబ్బా నిండా ఉప్పునీళ్లే మోసుకొచ్చాడంటే నవ్వరా మరి.

సముద్రం ఒడ్డున రేవు కట్టే పనికి పోయినవాడు క్రిస్మస్‌కు ఇల్లు చేరాడు. మిషన్లు సముద్రం అడుగు తోడి గట్టున పోసిన బురదలో వేలెడంత చేప కొట్టుకుంటుంటే ప్రాణం ఒప్పక ఏరుకున్నాడట. పెద్ద గాజు సీసాలో ఇసుక పరిచి, గాలి కొట్టే చిన్న మోటరు పెట్టి, దాన్ని వదిలాడు. అది అన్ని చేపల్లా ఈదదు. ఇసుక మీద పొట్ట ఆనించి, పైకి పొడుచుకొచ్చిన కళ్లతో కూర్చుంటుంది.

సముద్రంలో దీనికొక జోడు ఉంటుందని అతను తల్లి బాలమణికి చెప్పాడు. చూపు ఆనని రొయ్య ఒకటి ఇసుకలో బొరియ తవ్వుతుంటే, ఇది గుమ్మంలో కావలి ఉంటుందట. రొయ్య తన మీసాన్ని దీని ఒంటికి ఆనించే ఉంచుతుంది. ఆపద వస్తే ఇది తోక అదిలిస్తుంది, రెండూ లోపలికి దూరతాయి.

బాలమణికి రెండు కళ్లలోనూ పొర. ఎవరో ఒకరి భుజం మీద చెయ్యి వేసుకునే నడుస్తుంది. “అయితే నేను రొయ్యనన్నట్టు” అందామె. ఆ రోజు ఇల్లంతా నవ్వింది.

తిరిగి పోయేముందు అతను భార్యకు ఒకటే చెప్పాడు. నీళ్లు ఎండి ఎంత తగ్గితే అంత మామూలు నీళ్లు పోయాలి, ఉన్న ఉప్పునీళ్లు మాత్రం పారబోయకూడదు, ఈస్టర్‌కు మళ్లీ సముద్రం నీళ్లు తెస్తాడు.

ఈస్టర్ రాకముందే అతనే పెట్టెలో వచ్చాడు. పనివాళ్ల పడవ తిరగబడిందన్నారు. చర్చి వెనక పాతిపెట్టి వచ్చాక, అతను తెచ్చినవాటిలో ప్రాణమున్నది ఆ చేప ఒక్కటే మిగిలింది. పొద్దున్నే దాని కళ్లు చూశాకే సరోజకు కూలికి కాళ్లు కదిలేవి. అది బతికున్నన్నాళ్లు అతను పూర్తిగా పోలేదని, పిచ్చిదనుకోండి, ఆమె నమ్మకం.

ఒక సాయంత్రం పల్లీ పీకి ఇంటికొస్తే వాకిలి తడిగా ఉంది. సీసా అద్దంలా మెరుస్తోంది. సరోజ లేనప్పుడు, పక్కింటి చిన్నయ్య కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు పోతుంటే బాలమణి అడిగి మరీ క్యాను నిండా నది నీళ్లు తెప్పించుకుంది. అంచున పేరుకున్న ఉప్పును వేళ్లతో తడుముతూ తోమింది. ఇసుకను కూడా కడిగింది. పాత నీళ్లు వాకిట్లో పారబోసి, కొత్త నీళ్లు పోసి, చేపను అందులో వదిలింది. ఇప్పుడది అడుగున పక్కకు ఒరిగి, నోరు తెరుచుకుని పడి ఉంది.

సరోజ సీసాను తట్టి చూసింది. కదల్లేదు. అత్త మీద ఎంత కోపం వచ్చిందంటే, తిట్టు నోటిదాకా వచ్చేసింది. ఇంతలో బాలమణి తడుముకుంటూ దగ్గరకొచ్చింది.

“నా కొడుకు ఆఖరికి ఉప్పునీళ్లు మింగి పాయె బిడ్డా. దీనికన్న తియ్యటి నీళ్లు దొరకనీ అనుకున్న. తాగుతుందా?”

సరోజ తిట్టును మింగేసింది. అత్త చెయ్యి పట్టుకుని తన భుజం మీద వేసుకుంది.

“తాగుతుంది అత్తమ్మా. కడుపునిండ తాగుతుంది.”

గొంతును ఎలాగో అదుపులో పెట్టుకుంది గానీ, భుజం ఆమె మాట వినలేదు. వెక్కిళ్లకు అదిరింది. దాని మీదున్న చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. చేప గురించి బాలమణి మళ్లీ అడగలేదు.