గోవిందు పేరు మీద స్కాలర్‌షిప్పు

గోవిందును చంపింది కంట్రాక్టరు దేవరాజులు. చచ్చిన గోవిందు పేరు మీద స్కాలర్‌షిప్పు పెట్టిందీ ఆ దేవరాజులే. ఈ రెండో సంగతి చిత్తూరంతటికీ తెలుసు. మొదటిది తెలిసిన వాళ్లలో నోరు విప్పాల్సిన మనిషి గోవిందు పెళ్లాం కుప్పమ్మ. ఆమె తొమ్మిదేళ్లుగా నోరు కుట్టుకుని కూర్చుంది.

డెబ్బై ఆరులో చిత్తూరులో ఒక బియ్యం గోదాముకు స్లాబు పోశారు. పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా దాని బరువంతా మోసేది కింద నిలబెట్టిన సవుకు కొయ్య గుంజలే. అంత వెడల్పు కప్పుకు మూడు వారాలైనా వాటిని కదపకూడదు. దేవరాజులుకు ఆ గుంజలు ఇంకో పనికి కావలసి వచ్చి ఆరో రోజే పీకమన్నాడు. మేస్త్రీ శాంతయ్య కేకేస్తే గోవిందు సమ్మెట పట్టుకుని లోపలికి పోయాడు. నాలుగో గుంజ మీద దెబ్బ పడగానే కప్పంతా కూలింది. బయట కంకర మోస్తున్న కుప్పమ్మ పరుగెత్తుకొచ్చేసరికి మొగుడు నడుము దాకానే కనిపించాడు. నోట్లోంచి నెత్తురు కారుతోంది. గడ్డపారలు పెట్టి దిమ్మెలు ఎత్తేలోపు ప్రాణం పోయింది.

పీనుగను ఇంటి ముందు పడుకోబెట్టి ఉండగానే దేవరాజులు కాగితం పట్టుకుని వచ్చాడు.

"తాగి లోపలికి పోయి తానే గుంజ పీకినాడని రాసుండాది. ఏలిముద్ర ఎయ్యి కుప్పమ్మా. నీ బిడ్డను సదివించే పూచీ నాది" అన్నాడు.

పదేళ్ల కూతురు పంకజాక్షి పెరట్లో ఎవరి ఒళ్లోనో ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. కుప్పమ్మ వేలిముద్ర వేసింది. తప్పా ఒప్పా అని తీర్పు చెప్పేవాళ్లు పస్తులున్న ఇంట్లో పీనుగ పక్కన కూర్చుని చెప్పాలి. ఇంట్లో అన్నం తిని అరుగు మీద కూర్చునేవాళ్ల తీర్పు నాకు అక్కర్లేదు.

అట్లా పుట్టింది గోవిందు స్మారక విద్యార్థి వేతనం. కాంక్రీటు పనిలోకి వచ్చే పేదబిడ్డల చదువుకట. గోవిందు ఫొటోకు దండేసి, పెద్దమనుషులను పిలిచి, మొదటి వేతనం పంకజాక్షికి ఇచ్చారు. బడి అయ్యాక పాలిటెక్నిక్‌లో సివిలు చదవాలి, ఆ తర్వాత మూడేళ్లు దేవరాజులు దగ్గరే పని చెయ్యాలి. పిల్ల బాగా చదివింది. తల్లి నోట ఆ తాగుడు కథే విని తండ్రంటే మాత్రం అసహ్యం పెంచుకుంది. పెద్దల అమావాస్యకు కుప్పమ్మ మొగుడికి ఇస్తరి వేసి అన్నం పెడితే పంకజాక్షి అటువైపు వచ్చేదే కాదు.

"తాగి సచ్చినోడికి ఇస్తరొకటా?" అనేది.

కుప్పమ్మకు నిజం చెప్పెయ్యాలనిపించేది. కానీ చెప్తే పిల్ల ఊరుకోదు. ఊరుకోకపోతే చదువు ఆగిపోతుంది. కోర్సు అయ్యాక చెప్తానని తనకు తనే వాయిదా వేసుకుంటూ వచ్చింది. ఎనభై ఐదు వచ్చింది. ఇంక ఆరు నెలలు మిగిలాయి.

ఆ సెలవుల్లో పంకజాక్షి తిరుపతి కాలేజీ నుంచి పాకాల వచ్చింది. అక్కడ దేవరాజులు కల్యాణ మండపం కడుతున్నాడు. కుప్పమ్మ ఆ పనిలోనే ఇనప గమేళాల్లో ఇసుకా కంకరా మోస్తోంది. స్లాబు పోసే రోజు కాంక్రీటు కలిపే మిల్లరు ముందు పొట్టేలును నరికారు. ఒక్క వేటుకు తెగక శాంతయ్య మూడు వేట్లు వేశాడు. నెత్తురు తెచ్చి మిల్లరు చక్రానికి పూశారు. ఆ తర్వాత శాంతయ్య ఒక పక్కన కూర్చుని, సిమెంటు రెండింతలు వేసి ప్రత్యేకంగా కలిపిన ముద్దతో, కాంక్రీటు బలం పరీక్షకు పంపే క్యూబుల అచ్చులు నింపాడు. స్లాబు మీదికి పోయిన కాంక్రీటు వేరు, నీళ్లోడుతూ పోయింది. పరీక్షకు పోయే క్యూబులకు పెళ్లికూతుళ్లకు చేసినంత సింగారం అన్నమాట. ఈ దేశంలో ఎన్నో కప్పులు ఆ సింగారం మీదే నిలబడ్డాయి.

పంకజాక్షికి అది నచ్చలేదు. తల్లి మోస్తున్న గమేళాలోంచే కాంక్రీటు తీసి మూడు క్యూబులు నింపుకుంది. ఏడో రోజు వాటిని రైల్లో తిరుపతికి తీసుకుపోయి కాలేజీ లాబులో మిషను కింద పెట్టింది. చదరపు సెంటీమీటరుకు కనీసం వంద కిలోలు మోయాల్సింది నలభై కూడా మోయలేదు. మూడో క్యూబైతే మిషను అట్లా తాకగానే పిండి పిండిగా రాలిపోయింది.

ఎనిమిదో రోజు పొద్దున ఆ కాగితం పట్టుకుని నేరుగా దేవరాజులు దగ్గరికే వచ్చింది. చదువు చెప్పించిన మనిషి, తప్పు చూపిస్తే సంతోషపడతాడని పిచ్చిపిల్ల నిజంగా నమ్మింది. అప్పటికే గుంజలు తీసుకుపోయే లారీ వచ్చి నిలబడి ఉంది. ఆరుగురు మనుషులు సమ్మెటలు పట్టుకుని తయారుగా ఉన్నారు. కుప్పమ్మ వాళ్ల వెనక ఇసుక జల్లిస్తోంది.

"గుంజలు తియ్యొద్దు సార్. ఈ కప్పు నిలవదు. ఇంగా నెల ఉంచినా అనుమానమే" అంది పంకజాక్షి.

దేవరాజులు కాగితం చూసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆ చేత్తోనే పిల్ల చెంప మీద కొట్టాడు. పంకజాక్షి వెనక్కి తూలి కంకర కుప్ప మీద పడింది.

"నా సొమ్ముతో సదివి నా స్లాబుకే వంక పెడతావా? శాంతయ్యా, పని కానీ" అన్నాడు.

పంకజాక్షి లేచింది. బయటికి పోతుందనుకున్నారు అందరూ. అది స్లాబు కిందికి పోయి నడిమి గుంజను రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది. కుప్పమ్మ జల్లెడ పడేసి పరుగెత్తింది. తొమ్మిదేళ్ల కిందట గోవిందు నిలబడింది కూడా అట్లాంటి గుంజ దగ్గరే.

"బయటికి రా మే. నీ కాళ్లు పట్టుకుంటా, రా" అంది. పంకజాక్షి కదల్లేదు. కుప్పమ్మ పోయి దేవరాజులు కాళ్ల మీద పడింది. అతను కాలు విదిలించుకున్నాడు.

శాంతయ్య లోపలికి పోయి పిల్ల జడను చేతికి చుట్టుకుని లాగాడు. పంకజాక్షి అతని తొడ కొరికింది. అతను పొట్టలో తన్నాడు. మళ్లీ తన్నాడు. పిల్ల గుంజ వదలకపోతే వేళ్ల మీద చెప్పు కాలేసి తొక్కాడు. గోళ్లు చితికి నెత్తురొచ్చింది. చేతులు వదిలాక జడ పట్టి ఈడ్చుకుంటూ కంకర మీదికి తెచ్చాడు. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి. అంతమంది చూస్తూ నిలబడ్డారు.

దేవరాజులు చుట్ట వెలిగించుకుని, "కుప్పమ్మా, నీ బిడ్డకు బుద్ధి రాలేదు. వాళ్ల నాయన ఎట్ల సచ్చినాడో అందరికీ ఇనబడేట్టు చెప్పు. తాగి మీ ఇష్టానికి లోపలికి పోతే ఏమైతాదో దానికీ తెలియాల" అన్నాడు.

తొమ్మిదేళ్లు చెప్పిన మాటే, ఇంకొక్కసారి చెప్తుందనే ధీమా. అదే అతను చేసిన తప్పు.

కుప్పమ్మ పక్కనున్నవాడి చేతిలోంచి సమ్మెట గుంజుకుంది. జడ చుట్టుకున్న శాంతయ్య కుడిచెయ్యి మణికట్టు మీద బలంకొద్దీ వేసింది. ఎముక విరిగిన చప్పుడు లారీ దగ్గరున్న డ్రైవరుకు కూడా వినిపించింది. శాంతయ్య జడ వదిలి కింద పడి పొర్లాడు. ఆమె ఇంకోటి అతని భుజం మీద వేసింది. ఆపడానికి వచ్చినవాడి మోకాలి మీద ఇంకోటి వేసింది. ఆమెకు ఆ పూట ఆగాలని లేదు.

"నా మొగుడు తాగలే. ఒక్క సుక్క తాగలే. ఆరో దినం గుంజలు పీకమనింది ఈ దేవరాజులు, కేకేసింది ఈ నాకొడుకు. నేను బిడ్డ సదువు కోసం అబద్ధానికి ఏలిముద్ర ఏసినాను. ఇప్పుడు పోండి లోపలికి. ఎవడు సస్తాడో వాడి పేరు మీద ఇంగో స్కాలర్‌షిప్పు పెడతాడు ఈయన" అంది.

సమ్మెటలు ఒకదాని తర్వాత ఒకటి కింద పడ్డాయి. ఆ ఆరుగురిలో ఒక్కడు కూడా స్లాబు కిందికి పోలేదు. దేవరాజులు బూతులు తిట్టాడు, ఒకడి మెడ పట్టి నెట్టాడు. వాడు తిరగబడి చొక్కా చించాడు.

పంకజాక్షి ఇవేవీ చూడలేదు. తల్లినే చూస్తోంది. నెత్తురు కారే చేతులతో లేచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాయన తాగలేదా?"

"లేదు మే."

పంకజాక్షి తల్లిని కొట్టింది. చెంపల మీద, నెత్తి మీద, రొమ్ము మీద, చితికిన చేతులతోనే కొట్టింది. "నా నోటితో తిట్టించినావే. తొమ్మిదేండ్లు నా నాయన్ను నాతోనే తిట్టించినావే" అని ఏడుస్తూ కొట్టింది. కుప్పమ్మ సమ్మెట పడేసి, చెయ్యి అడ్డం పెట్టకుండా నిలబడింది. శాంతయ్య చేతిలో పిల్ల దెబ్బలు తింటుంటే ఆమెకు కలిగిన నొప్పి ముందు ఇది ఏపాటిది? ఇది తనకు రావలసిన దెబ్బే అనుకుంది. పెదవి చిట్లి రైక నెత్తురైంది.

పోలీసులు వచ్చి కుప్పమ్మను తీసుకుపోయారు. స్టేషన్లో రెండు రోజులు అరికాళ్ల మీద కొట్టారు. కొట్టిన ప్రతిసారీ ఆమె గోదాము కథే చెప్పింది. అంతలో మండపం వాళ్లు భయపడి తిరుపతి నుంచి ఇంజనీరును పిలిపించారు. కప్పు పగలగొట్టించాల్సిందేనని ఆయన రాసిచ్చాడు. దేవరాజులుకు ఆ పని పోయింది, అంతకుమించి ఏమీ కాలేదు.

పంకజాక్షికి స్కాలర్‌షిప్పు ఆగిపోయింది. ఆ ఏడు గోవిందు పేరు మీది వేతనం శాంతయ్య కొడుక్కి ఇచ్చారు. చెయ్యి విరిగిన మేస్త్రీ పాత సంగతులు నోరు జారకుండా ఉండాలి కదా. పెద్దమనుషులు మళ్లీ వచ్చి చప్పట్లు కొట్టిపోయారు.

మిగిలిన ఆరు నెలల చదువు ఖర్చు కోసం పంకజాక్షి చంద్రగిరిలో వేరే కంట్రాక్టరు దగ్గర కూలికి కుదిరింది. బెయిలు మీద వచ్చిన కుప్పమ్మ కూడా కుంటుకుంటూ అక్కడికే పోయింది. తల్లీ కూతుళ్లు ఒకే వరసలో నిలబడి గమేళాలు అందించుకునేవాళ్లు. చేతులు తగిలేవి, మాట మాత్రం లేదు. రెండు నెలలు అట్లాగే గడిచాయి.

ఒక మధ్యాహ్నం సద్దిమూట విప్పుకున్నాక పంకజాక్షి మొదటిసారి నోరు తెరిచింది.

"అమ్మా, ఆ పొద్దు నాయన ఇంట్లోనుంచి పోతా నాకేమైనా చెప్పినాడా?"

కుప్పమ్మ అన్నం ముద్ద ఆకులో పెట్టేసింది. కళ్లు మూసుకుని వెతికింది. గోవిందు గడప దగ్గర నిలబడ్డాడు. తూలుతున్నాడు. చేతిలో కల్లు ముంత ఉంది. కాదు, అట్లా కాదని తల విదిలించి మళ్లీ వెతికింది. మళ్లీ తూలుతూనే వచ్చాడు. పోలీసులకు, పెద్దమనుషులకు, బిడ్డకు తొమ్మిదేళ్లు చెప్పీ చెప్పీ ఆమె కట్టిన మనిషి వాడు. వాడి వెనక ఉండాల్సిన అసలు గోవిందు ఎంత వెతికినా దొరకలేదు.

పంకజాక్షి ఇంకా ఎదురుచూస్తోంది. "గుర్తు లేదు మే" అంది కుప్పమ్మ.